సముద్రం ఎవరి వాటా?

మా గుమ్మడివలసలో తెలివి ఎవరింట్లో ఉందని అడిగితే ఊరు ఏమంటుందో గానీ, గవరయ్య ఇంట్లో అడిగితే మాత్రం "ఇంకెక్కడుంటుంది, మా ఇంట్లోనే" అని అందరూ ఒక్కసారే చెబుతారు. ఊరికే చెప్పుకోవడం కాదు, బోర్డు కూడా రాయించారు. "ఇచ్చట తెలివిగలవారు నివసించుదురు" అని ఎర్ర రంగుతో, గుమ్మడికాయంత అక్షరాలు. ఆ బోర్డుని తీసుకొచ్చి తలుపుకి లోపలి వైపు కొట్టారు.

"బయట కొడితే ఎండకీ వానకీ తెలివి పాడైపోదూ?" అన్నాడు గవరయ్య.

అంతే. అప్పటినుంచి ఆ ఇంట్లోవాళ్ళు పొద్దున్నే లేచి, పళ్ళు తోముకుని, బోర్డు చదువుకుని, తామెవరో గుర్తు తెచ్చుకుని, అప్పుడు కాఫీ తాగుతారు.

వాళ్ళింటికీ మా ఇంటికీ మధ్య ఒక్క గోడే అడ్డం. అందుకని వాళ్ళింట్లో చీమ తుమ్మినా నాకు వినపడుతుంది. గవరయ్య ఇంటి పెద్ద. వాళ్ళావిడ సీతాలు. తల్లి పైడమ్మ, తమ్ముడు సూరప్పడు. వీళ్ళందరి తెలివీ కలిపి పెంచుతున్న పిల్ల నీలవేణి. నీలూ అంటారు. ఇంకా రాణి అని ఒక మేక. ఆ ఇంట్లో బోర్డు చదవనిది అదొక్కతే.

నీలూకి ఒక దిగులుంది. అంతకుముందు ఏడు వేసవి సెలవులయ్యాక బడిలో ఒక్కొక్కరినీ లేపి ఎక్కడికెళ్ళారో చెప్పమన్నారు. ముందు బెంచీ పిల్లలందరూ సముద్రం చూశామన్నారు. నీలూని "నువ్వు చూశావా?" అనడిగితే, పాపం పిల్ల, తల వంచుకోకుండా "చూశాను, మా చెరువులాగే ఉంది" అంది. ఇంకేముంది, ఆ నవ్వుకి బడి కప్పు మీద పావురాలు లేచిపోయి ఇప్పటికీ తిరిగి రాలేదు. ఆ రోజు నుంచి నీలూని అందరూ "చెరువూ" అనే పిలిచేవాళ్ళు.

ఈ ఏడు సెలవులు ఇచ్చేముందు వనజాక్షి టీచరు చెప్పింది. "ఎక్కడికైనా వెళ్ళండి. గుమ్మం దాటిన దగ్గర్నుంచి కనిపించిందల్లా ఒక పుస్తకంలో రాయండి. ఒక్కటీ వదలకండి. ఇంట్లోవాళ్ళ సాయం తీసుకోండి. బడి తెరిచిన రోజు ఆ పుస్తకం తీసుకురండి."

నీలూ ఇంటికొచ్చి ఆ మాటలు పొల్లు పోకుండా అప్పజెప్పింది. "నాన్నా, ఈసారి నేను సముద్రం చూడాలి. అదెలా ఉంటుందో లేచి నిలబడి చెప్పాలి" అంది.

"అదెంత పనే. రేపే వెళ్దాం" అంది సీతాలు.

"ఉండవే. ఇప్పుడే చూసేస్తే బడి తెరిచేనాటికి సముద్రం పాతదైపోతుంది. వంకాయలు ఎప్పుడు కోస్తాం? సంతకెళ్ళే రోజు కోస్తాం. ఇదీ అంతే" అన్నాడు గవరయ్య.

అందరూ ఆ తెలివికి ముచ్చటపడి, ప్రయాణాన్ని సెలవుల చివరికి పెట్టారు.

*

బయల్దేరే రోజు తెల్లారింది. నీలూ కొత్త పుస్తకం, కొత్త పెన్ను పట్టుకుని గుమ్మం దాటింది. దాటగానే వీధి అరుగు కనిపించింది. రాసింది. అరుగు మీద చెప్పులు కనిపించాయి. రాసింది. చెప్పుల మీద ఈగ కనిపించింది. దాన్ని రాస్తుంటే రెండో ఈగ వచ్చింది. టీచరు ఒక్కటీ వదలొద్దంది కదా. ఈగలు వస్తూనే ఉన్నాయి, పిల్ల రాస్తూనే ఉంది. పొద్దుటి బస్సు హారన్ కొట్టి వెళ్ళిపోయింది.

"ఇలా అయితే వీధి చివరికి వెళ్ళేసరికి పిల్లకి పెళ్ళీడు వస్తుందిరా" అంది పైడమ్మ.

"దానికేముంది, బస్సు దాకా కళ్ళు మూసుకుందాం. కనిపిస్తే కదా రాయాలి" అన్నాడు సూరప్పడు.

శభాష్ అనుకున్నారు. అందరూ కళ్ళు గట్టిగా మూసుకున్నారు. ఒకరి భుజం ఒకరు పట్టుకున్నారు. మరి దారి చూపించేదెవరు? మేకకి చదువు రాదు, దానికి కనిపించింది రాయక్కర్లేదు. అంతే, రాణిని ముందు పెట్టి దాని తాడు గవరయ్య పట్టుకున్నాడు. రాణి బస్సుకి ఎందుకెళ్తుంది, తిన్నగా మా పెరట్లో బీరపాదు దగ్గరికెళ్ళింది. వెనకాల ఐదుగురూ పందిరి కిందికి దూరారు. నా పందిరి, నా బీరకాయలు, నా పందిరి కింద ఎండేసిన చీర, అన్నీ వాళ్ళ మెడల్లో పడ్డాయి.

"బస్సు బాగా రద్దీగా ఉందిరా" అంది పైడమ్మ కళ్ళు మూసుకునే.

"ఒసేయ్ పైడమ్మా, అది బస్సు కాదే, నా బీరపందిరి" అన్నాను.

"అత్తా, కండక్టరు ఆడమనిషిలా ఉంది" అంది సీతాలు.

చివరికి నీలూయే ఒక కన్ను తెరిచి వాళ్ళందరినీ రోడ్డెక్కించింది. రాణిని మాత్రం నా దగ్గర వదిలి వెళ్ళారు. వాళ్ళు తిరిగొచ్చేసరికి నాకు బీరపాదు మిగల్లేదు.

*

బస్టాపు దగ్గర గవరయ్య కళ్ళు తెరిచి పెద్ద ఆలోచన చేశాడు.

"ఒక్క పిల్ల అన్నీ ఎలా చూస్తుంది? పంచుకుందాం. ఎడం వైపు కనిపించేదంతా నాది. కుడి వైపు సీతాలిది. పైన తమ్ముడిది. వెనకాల అమ్మది. ఎవరి వాటా వాళ్ళు చూసి చెప్పాలి. ఒకరి వాటాలోకి ఇంకొకరు తొంగి చూడకూడదు. నీలూ తలెత్తకుండా రాయాలి."

"మరి ముందు వైపు ఎవరన్నయ్యా?" అన్నాడు సూరప్పడు.

"ముందు వైపు డ్రైవరు చూసుకుంటాడురా. అది ఆయన ఉద్యోగం. ఆయన పొట్ట మనమెందుకు కొట్టాలి?"

ఇంత ధర్మంగా లోకంలో ఎవరూ వాటాలు వెయ్యలేదు. మా ఊళ్ళో అన్నదమ్ముల పొలాలు పంచిన పెద్దమనుషులంతా ఇది విని సిగ్గుపడాలి.

భీమిలి బస్సొచ్చింది. గవరయ్య ఎడం కిటికీ, సీతాలు కుడి కిటికీ పట్టుకున్నారు. సూరప్పడు మెడ వెనక్కి వాల్చి పైకి చూశాడు. పైడమ్మ సీటు మీద మోకాళ్ళేసి వెనక్కి తిరిగి కూర్చుంది. నీలూ మధ్యలో, పుస్తకంలో తలపెట్టి.

బస్సు కదిలింది.

"ఎడం వైపు గేదె" అన్నాడు గవరయ్య.

"కుడి వైపు గేదె, దూడతో సహా" అంది సీతాలు.

"టాపు" అన్నాడు సూరప్పడు.

"బాబాయ్, టాపు ఇందాకే రాశాను" అంది నీలూ.

"ఇంకా టాపే అమ్మా. ఏం చెయ్యను, పైన వేరే ఏమీ రావడం లేదు. రాసుకో, టాపు."

ఇంతలో పైడమ్మ కేక పెట్టింది. "గేదె. వెనకాల గేదె."

"అమ్మా, అది నేను చూసిన గేదే. రాయించేశాను" అన్నాడు గవరయ్య.

"నువ్వు చూసినప్పుడు నీది. ఇప్పుడు వెనక్కొచ్చింది కాబట్టి నాది. కొట్టేయవే నీలూ మీ నాన్న గేదెని."

నీలూ గవరయ్య గేదెని కొట్టేసి పైడమ్మ పేరిట రాసింది. ఇంకేముంది, ఎడం వైపు ఏం కనిపించినా కాసేపట్లో వెనక్కి వస్తోంది. కుడి వైపూ అంతే. చెట్టు, గుడి, ఇటుకల బట్టీ, సైకిలు మీద ఐసు అమ్మేవాడు, అన్నీ కొడుకూ కోడలూ చూడటం, అత్తగారు లాగేసుకోవడం. కొట్టేసి రాయడంలో పిల్ల పెన్ను వేడెక్కి పొగలొచ్చింది.

"అత్తా, నా వైపు ఒక్క కొబ్బరిచెట్టయినా ఉంచు" అంది సీతాలు కళ్ళనీళ్ళు పెట్టుకుని.

"నీ కొబ్బరిచెట్టు వెనక్కి రాకుండా ఆపుకో. నేను వద్దన్నానా?"

పైడమ్మ వెనక సీట్లో ఒక మీసాలాయన నిద్రపోతున్నాడు. వెనక్కి తిరిగి కూర్చుంది కదా, ఆయన మొహం ఈవిడ మొహానికి బెత్తెడు దూరంలో ఉంది.

"మీసాలాయన. నోరు తెరిచాడు. పన్ను పుచ్చింది. నోరు మూశాడు" అని చెబుతూ పోయింది పైడమ్మ.

ఆయన ఉలిక్కిపడి లేచాడు. "ఏంటమ్మా, నా మొహంలోకి అలా చూస్తున్నావు?"

"నా వాటాకి నువ్వొచ్చావు నాయనా. పడుకుని గురక పెడితే ఎవరికి పనికొస్తుంది? కొంచెం చూడటానికి బాగుండేదేదైనా చెయ్యి, రాయిస్తాను. రేపు టీచరు చదువుతుంది."

టీచరు చదువుతుందనేసరికి ఆయన జుట్టు సవరించుకుని, మీసం దువ్వుకుని, భీమిలి దాకా కదలకుండా ఫొటోకి కూర్చున్నట్టు కూర్చున్నాడు. దిగాల్సిన స్టాపు దాటిపోయినా దిగలేదట.

*

భీమిలిలో బస్సు తిన్నగా సముద్రానికి ఎదురుగా ఆగింది. అందరూ వరస తప్పకుండా దిగారు. గవరయ్య ఎడం వైపే, సీతాలు కుడి వైపే, సూరప్పడు పైకి, పైడమ్మ వెనక్కి. మధ్యలో నీలూ, తల పుస్తకంలో.

హోరుమని చప్పుడు. ఆ హోరు మా గుమ్మడివలసలో నాకే వినిపించింది, చూసుకోండి.

"నాన్నా, సముద్రం వచ్చిందా?" అంది నీలూ తలెత్తకుండా.

"నా వైపు వలలు ఆరేశారమ్మా. పడవ ఉంది. పడవ మీద కాకి ఉంది. సముద్రం లేదు."

"నా వైపు మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్నారు" అంది సీతాలు.

"మేఘం. టాపు లేదు" అన్నాడు సూరప్పడు సంతోషంగా.

"నా వైపు మనమొచ్చిన బస్సు. మీసాలాయన ఇంకా కూర్చునే ఉన్నాడు" అంది పైడమ్మ.

పొత్తులు కాల్చే ఆవిడ వీళ్ళని చూసి జాలిపడింది. "సముద్రం కోసమా అమ్మా? ఎదురుగానే ఉంది కదా" అంది.

గవరయ్య మొహం వాడిపోయింది. "ఎదురా? ఎదురు మాది కాదమ్మా. డ్రైవరుది."

న్యాయం తప్పే మనుషులు కారు కదా. వరసగానే వెనక్కి నడిచి డ్రైవరు దగ్గరికెళ్ళారు. ఆయన టీ తాగుతున్నాడు.

"బాబూ, మీ వాటాలో ఏం కనిపించిందో చెప్పండి. పిల్ల రాసుకుంటుంది" అన్నాడు గవరయ్య.

"ఏం వాటా?"

"ముందు వైపు. సముద్రం."

"సముద్రమా? రోజూ చూసేదేగా. నీళ్ళు" అని డ్రైవరు గ్లాసు ఊదుకున్నాడు.

నీలూ రాసింది. "సముద్రం: నీళ్ళు. డ్రైవరు గారు చెప్పారు." రాసిన దాని మీద టప్పున ఒక కన్నీటి బొట్టు పడింది. "చెరువులోనూ నీళ్ళే కదా నాన్నా" అంది. "నన్ను మళ్ళీ చెరువూ అనే అంటారు."

పిల్ల ఏడిస్తే గవరయ్య తట్టుకోలేడు. కాసేపు గాలిలోకి చూసి, అదీ ఎడం గాలిలోకే, ఒక్కసారి తొడ చరిచాడు. "నేను కుడికి తిరిగితే సముద్రం నా ఎడం వైపుకి వస్తుంది. అప్పుడది నా వాటా. పదండి, అందరూ తిరగండి."

మళ్ళీ ఒడ్డుకెళ్ళి అందరూ ఒక్కసారే తిరిగారు. సముద్రం గవరయ్యకి వచ్చింది. "అబ్బో" అన్నాడు. ఆ "అబ్బో"ని నీలూ రాసేలోగా సీతాలు మొగుడి చెయ్యి పట్టుకుని ఇటు లాగింది. "చాల్లే సంబడం. నాకు ఇందాకట్నుంచి పొత్తుల పొగే. అంత పెద్ద సముద్రంలో నాకు కొంచెం రాకూడదా?"

తిరిగారు. సముద్రం సీతాలు కుడి వైపుకొచ్చింది. "ఓలమ్మో, తెల్లగా" అనేలోగా పైడమ్మ అందరినీ తన వైపుకి తిప్పేసింది. పెద్దదాన్ని, ముందు నాకు చూపించాలా వద్దా అని. అంతే, ఇంక ఆగలేదు. నలుగురూ నాలుగు వైపుల పట్టుకుని, నీలూని మధ్యలో పెట్టుకుని, తిరగలి తిరిగినట్టు గిరగిరా తిరిగారు.

"నీలం."

"పొగ."

"పడవ. తెలుపు. పడవ."

"మేఘం."

"మీసాలాయన. నీలం. మీసాలాయన."

నీలూ రాస్తూనే ఉంది. తిరుగుతూ తిరుగుతూ వాళ్ళు ఇసుకలో దిగబడుతూ ముందుకు జరిగిపోతున్న సంగతి ఎవరికీ తెలీదు. ముందు వైపు చూసే డ్రైవరు టీ కొట్టు దగ్గరున్నాడు కదా. ఒక కెరటం వచ్చింది. తాటిచెట్టంత కెరటం అని నేనంటాను. మోకాలి దాకా అని ఆ పొత్తుల ఆవిడ అందట. ఎంతదైతేనేం, తిరగలి మొత్తం బోర్లా పడింది. పుస్తకం నీలూ చేతుల్లోంచి ఎగిరి నీళ్ళలో పడింది.

పుస్తకం లేకపోతే తల ఎందులో పెట్టుకుంటుంది? నీలూ తలెత్తింది.

ఆ తర్వాత ఎంతసేపలా నిలబడిందో ఎవరూ చెప్పలేదు. సూరప్పడు వెల్లకిలా నీళ్ళలో తేలుతూ "మేఘం, ఇంకో మేఘం" అని చెబుతూనే ఉన్నాడు. అవి కూడా రాయలేదు పిల్ల. నోరు తెరుచుకుని చూస్తూనే ఉంది.

ఇంకో కెరటం పుస్తకాన్ని తెచ్చి పైడమ్మ కాళ్ళ దగ్గర పడేసింది. తెరిచి చూస్తే సిరా అంతా కరిగిపోయి పేజీ నిండా నీలం. ఒక్క అక్షరం లేదు, ఒక్క గేదె లేదు.

గవరయ్య ఆ నీలాన్ని చూసి గర్వపడిపోయాడు. "చూశారా. మనం రాయించలేదని సముద్రమే వచ్చి తన గురించి తానే రాసుకుంది. అచ్చం ఇలాగే ఉంది, నేను ఎడం వైపు చూశానుగా."

*

ఇంటికొచ్చారు. పుస్తకం ఇంకా తడిగానే ఉంది. బడి మర్నాడే.

"ఉప్పు బాగా పట్టింది. ఊరమిరపకాయల్లాగా, ఇంక ఏళ్ళ తరబడి నిలవుంటాయి జ్ఞాపకాలు. ఒక్క ఎండ తగలాలి అంతే" అంది పైడమ్మ. పెరట్లో చాప మీద నిజంగానే ఊరమిరపకాయలు ఎండుతున్నాయి. వాటి పక్కన పుస్తకాన్ని తెరిచి పెట్టింది.

"కాకులు ఎత్తుకుపోతాయేమో అత్తా" అంది సీతాలు.

"అదీ నిజమే. కాపలా పెడదాం."

ఎవరిని పెట్టారనుకున్నారు? రాణిని. దాన్ని తెచ్చి చాప పక్కనే గుంజకి కట్టి, "జాగ్రత్తమ్మా, ఒక్క కాకినీ రానివ్వకు" అని చెప్పి లోపలికెళ్ళి పడుకున్నారు. నిజం చెప్పుకోవాలి, రాణి ఒక్క కాకినీ రానివ్వలేదు. ఉప్పంటే మేకకి ప్రాణం. అట్ట దగ్గర్నుంచి మొదలుపెట్టి చివరి పేజీ దాకా నమిలి, కుట్టిన దారం కూడా వదల్లేదు.

నీలూ ఏడుపు గోడ ఇవతల నాకు వినిపించి వెళ్ళాను. అందరూ మేక చుట్టూ నిలబడి ఉన్నారు.

"ఏడవకే. పుస్తకం పోలేదు. ఇక్కడే ఉంది" అని గవరయ్య రాణి పొట్ట మీద చెయ్యేసి నిమిరాడు. "టీచరు రాయమన్నారు, రాశాం. తీసుకురమ్మన్నారు, తీసుకెళ్దాం."

"గవరయ్యా, మేకని బడికి తీసుకెళ్తావా?" అన్నాను.

"ఊరికే ఎలా తీసుకెళ్తాం అత్తా? అట్ట వెయ్యకుండా పుస్తకం తీసుకెళ్తే టీచరు తిట్టరూ?"

ఇంకేముంది, గోధుమరంగు అట్టకాగితం తెచ్చారు. రాణి వీపు మీంచి పొట్ట కిందికి చుట్టారు. మూలలు మడిచి, జిగురు పూసి, కాళ్ళ దగ్గర కత్తిరించారు. నుదుటి మీద లేబుల్ అతికించారు. పేరు: నీలవేణి. తరగతి: ఐదు. విషయము: సముద్రము. చిరగకుండా తోకకి కూడా కొంచెం కాగితం చుట్టింది సీతాలు.

మర్నాడు ఇంటిల్లిపాదీ బడికి బయల్దేరారు. నేనూ వెళ్ళాను. అది చూడకుండా ఉండటానికి నేనేమన్నా తెలివిగలదాన్నా?

వనజాక్షి టీచరు గుమ్మంలో మేకని చూసి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. "ఇదేంటండీ?"

"పుస్తకం అండి. లేబుల్ చూసుకోండి" అన్నాడు గవరయ్య.

"మే" అంది రాణి.

"అది నా భాగం. మేఘాల దగ్గరిది" అన్నాడు సూరప్పడు.

పిల్లలు బెంచీలు బాది నవ్వారు. ముందు బెంచీ పిల్ల ఒకతి లేచి "చెరువూ, సముద్రం ఎలా ఉందో నీ మేక చెబుతుందా?" అంది. నీలూ మొహం ఎర్రబడింది. రాణి తల మీద చెయ్యేసి పట్టుకుంది.

టీచరు అందరినీ కసిరి, మెల్లగా అడిగింది. "నువ్వు చెప్పమ్మా. నువ్వు చూశావా?"

నీలూ గొంతు సవరించుకుంది.

"చెరువు కూర్చుంటుంది టీచర్. సముద్రం కూర్చోదు. మా మామ్మ కోపంగా వచ్చినట్టు దూరం నుంచి అరుచుకుంటూ వస్తుంది. దగ్గరికొచ్చాక ఏమీ అనదు, కాళ్ళు పట్టుకుంటుంది. వెళ్ళేటప్పుడు కాళ్ళ కింద ఇసుక తీసుకుపోతుంది. అప్పుడు మనం నిలబడే ఉంటాం గానీ వెనక్కి నడుస్తున్నట్టు ఉంటుంది. దానికి అవతలి గట్టు లేదు టీచర్. గట్టు ఉండాల్సిన చోట ఆకాశం ఉంది."

ఎవరూ నవ్వలేదు. ముందు బెంచీ పిల్ల మెల్లగా, "నేను చూసినప్పుడు ఫొటోలు దిగడమే సరిపోయింది" అని కూర్చుంది. ఆ రోజుతో "చెరువూ" అన్న పేరు పోయింది. టీచరు నీలూని దగ్గరికి తీసుకుని, "నాకు ఇదే కావాలమ్మా" అంది. పిల్ల మొహం చూడాలి, దీపావళి రాత్రి ఊరంతా కలిపినా అంత వెలుగుండదు.

గవరయ్య మాత్రం పిల్ల మొహం చూడలేదు. పిల్ల చెయ్యి చూస్తున్నాడు. ఆ చెయ్యి ఇంకా రాణి తల మీదే ఉంది.

"చూశావటే. మేక మీద చెయ్యి పడగానే లోపలున్నదంతా పిల్ల నోట్లోకి ఎలా వచ్చేసిందో" అన్నాడు సీతాలు చెవిలో.

అంతే. కొత్త పాఠ్యపుస్తకాలు ఇచ్చిన సాయంత్రమే గోడ అవతల గంగాళంలో ఉప్పు కలుపుతున్న చప్పుడు వినిపించింది. నేను గోడెక్కి చూసేసరికే తెలుగూ, సైన్సూ అయిపోయాయి. రాణి లెక్కల పుస్తకం సగం దాకా నమిలి, భిన్నాల దగ్గర ఆగి, మొహం అటు తిప్పేసుకుంది. ఎంత ఉప్పు చల్లినా ముట్టుకోలేదు.

సీతాలు గాభరాపడింది. "ఇప్పుడెలాగయ్యా, సగమే తింది?"

గవరయ్య రాణి వీపు నిమిరాడు. "పోనీలే, బలవంతపెట్టకు. పాసు మార్కులకి సరిపోతుంది."